చెరోకీల అక్షరం, చెరోకీల నేల

(సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



యువతకు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. చదువు గురించి అందరూ చెప్పేదే మేమూ చెబితే మీకు నిద్ర వస్తుంది. అందుకని దూరదేశపు కథ ఒకటి తెచ్చాం. అమెరికాలో 1800 నుంచి 1840 దాకా జరిగిన కథ. పోటీ పరీక్షల కోసం మనం చదివే అమెరికా చరిత్రలో స్వాతంత్ర్య యుద్ధం అయిపోగానే లింకన్ వచ్చేస్తాడు. ఆ మధ్య కాలంలో అక్కడి ఆదివాసీలకు ఏం జరిగిందో మనకు చెప్పేవాళ్లు తక్కువ.

హాస్టల్లో పిల్లలు మమ్మల్ని అప్పుడప్పుడు అడుగుతుంటారు: "మేడం, మేం బాగా చదువుకుంటే మన భూమి మన దగ్గరే ఉంటుందా?" ఉంటుందని చెప్పేస్తే వాళ్లకు సంతోషంగా ఉంటుంది. కానీ అది పూర్తి నిజం కాదు. చెరోకీ ప్రజల కథ వింటే ఎందుకు కాదో తెలుస్తుంది. అయినా ఎందుకు చదవాలో కూడా తెలుస్తుంది.

ముందుగా పేరు సంగతి. సినిమాల్లో, పాత పుస్తకాల్లో వీళ్లను "రెడ్ ఇండియన్లు" అంటారు. 1492లో కొలంబస్ తాను ఇండియా వైపు దీవులకు చేరాననుకుని అక్కడి జనానికి ఇండియన్లని పేరు పెట్టాడు. అతని పొరపాటు ఐదు వందల ఏళ్లుగా వాళ్ల నెత్తిన ఉంది. వాళ్లకు సొంత పేర్లున్నాయి. చెరోకీ, చోక్టా, చికసా, మస్కోగీ, సెమినోల్ అంటూ ఎన్నో జాతులు. మనల్ని ఎవరైనా మన జాతి పేరుతో కాకుండా ఇంకేదో పేరుతో పిలిస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా. కాబట్టి మనం వాళ్లను వాళ్ల పేరుతోనే పిలుద్దాం.

1800లో అమెరికా సంయుక్త రాష్ట్రాలంటే తూర్పు వైపున్న 16 రాష్ట్రాలే. దేశానికి పడమటి హద్దు మిసిసిపీ నది. 1803లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఆ నదికి అవతల ఉన్న లూసియానా అనే పెద్ద ప్రాంతాన్ని ఫ్రాన్స్ పాలకుడు నెపోలియన్ దగ్గర కోటిన్నర డాలర్లకు కొన్నాడు. దాంతో దేశం విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. అమ్మినవాడు గానీ కొన్నవాడు గానీ ఆ నేల మీద ఏనాడూ కాలు పెట్టలేదు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న ఆదివాసీలను అడిగిన వాళ్లు లేరు.

ఆ కొనుగోలుతో పాలకులకు ఒక ఆలోచన వచ్చింది. తూర్పున ఉన్న ఆదివాసీలను నది దాటించి అవతలికి పంపేస్తే వాళ్ల భూములు తెల్లవాళ్లకు దక్కుతాయి కదా అని. అంతకుముందు ఏడాది, 1802లో, కేంద్ర ప్రభుత్వం జార్జియా రాష్ట్రానికి ఒక మాట ఇచ్చింది: మీ హద్దుల్లోని ఆదివాసీ భూముల హక్కును మెల్లగా రద్దు చేయించి మీకు ఇప్పిస్తాం అని. ఇదే ప్రభుత్వం 1791లో హోల్‌స్టన్ ఒప్పందం రాసి, మీ నేలకు మాది హామీ అని చెరోకీలకు చెప్పింది. ఒకే భూమి మీద ఇద్దరికి మాట ఇచ్చారు. మిగతా కథంతా అక్కడి నుంచే నడిచింది.

చెరోకీలు ఉండేది అప్పలేచియన్ కొండల్లో. ఇప్పటి జార్జియా, టెనెసీ, నార్త్ కరోలినా, అలబామా రాష్ట్రాలు కలిసే చోటు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించేవాళ్లు. వాళ్లలో ఏడు వంశాలు. పిల్లలది తల్లి వంశం. ఒకే వంశంలో పెళ్లి చేసుకోరు. ఇల్లు, చేను ఆడవాళ్ల చేతిలో ఉండేవి. నేల జాతి అందరిది. ఎవరైనా దున్నుకోవచ్చు, బయటివాళ్లకు అమ్మడానికి మాత్రం లేదు. ఈ మాటలు వింటుంటే మన ఊరి పెద్దమ్మల మాటలు విన్నట్టు లేదూ?

ఆ కాలంలో ఆదివాసీ జాతుల ముందు రెండు దార్లు కనబడ్డాయి. ఒకటి యుద్ధం. షానీ జాతి నాయకుడు టెకుమ్సే ఊరూరా తిరిగి, భూమి ఏ ఒక్క జాతిదీ కాదు, అందరం కలిస్తేనే నిలుస్తామని చెప్పి జాతులన్నిటినీ కూడగట్టాడు. 1812లో అమెరికాకూ బ్రిటన్‌కూ యుద్ధం వచ్చినప్పుడు బ్రిటన్ వైపు నిలబడి 1813 అక్టోబర్‌లో రణరంగంలోనే చనిపోయాడు. ఆయనతో ఆ కూటమి చెదిరిపోయింది.

రెండోది స్నేహం. చెరోకీలు ఈ దారి పట్టారు. 1814 మార్చిలో హార్స్‌షూ బెండ్ దగ్గర జనరల్ ఆండ్రూ జాక్సన్ సైన్యం మస్కోగీల్లోని ఒక వర్గంతో తలపడింది. చెరోకీ యోధులు జాక్సన్ పక్షాన నిలిచి, నది ఈది, అవతలి పడవలు పట్టుకొచ్చి, వెనక నుంచి దాడి చేశారు. ఆ గెలుపులో వాళ్ల పాత్ర పెద్దది. జాన్ రాస్, మేజర్ రిడ్జ్ అనే ఇద్దరు చెరోకీలు అప్పుడు జాక్సన్ తరఫున పోరాడినవాళ్లే. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి. యుద్ధం అయ్యాక జాక్సన్ మస్కోగీల నుంచి 2 కోట్ల ఎకరాలకు పైగా రాయించుకున్నాడు. అందులో తనకు సాయపడిన మస్కోగీల భూములు కూడా ఉన్నాయి. అది చూసినప్పుడే చెరోకీలకు భయం పట్టుకుంది.

1817లో చెరోకీ ఆడవాళ్లు తమ జాతి సభకు ఒక విన్నపం పంపారు. ఇంక ఒక్క ముక్క భూమి కూడా వదులుకోవద్దని అందులో అడిగారు. దాని వెనకున్న పెద్దామె నాన్యేహి, ఇంగ్లీషు వాళ్లు నాన్సీ వార్డ్ అంటారు. అప్పటికి ముసలితనంతో సభకు రాలేని స్థితి, అయినా మాట పంపింది. మన ఆడపిల్లలు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక అక్షరం సంగతికి వద్దాం. సెక్వోయా అనే ఒక చెరోకీ కంసాలి ఉండేవాడు. ఆయనకు ఇంగ్లీషు చదవడం, రాయడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలు గీసి దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడుకోవడం చూసి, మన మాటను కూడా ఇలా పట్టుకోవచ్చని పట్టుదలతో కూర్చున్నాడు. మొదట ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ గీశాడు. వేల బొమ్మలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకని మాటలను పలుకులుగా విడగొట్టాడు. 1821 నాటికి లిపి పూర్తయింది. 86 గుర్తులు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం కాబట్టి మాకు ఇది మహా అద్భుతంగా అనిపిస్తుంది. మన గుణింతంలో క అనే అక్షరానికి దీర్ఘం, గుడి, కొమ్ము తగిలిస్తాం. సెక్వోయా లిపిలో క, కి, కు లాంటి ప్రతి పలుకుకూ పూర్తిగా వేరే గుర్తు. గుర్తులు వస్తే చాలు, ఏ మాటైనా రాయొచ్చు.

పెద్దలు మొదట నమ్మలేదట. అప్పుడు ఆయన తన చిన్నకూతురు అయోకాతో రాయించి, చదివించి చూపించాడని చెబుతారు. అంటే ఈ లిపికి మొదటి విద్యార్థి ఒక ఆడపిల్ల. కొద్ది ఏళ్లలోనే వేలమంది నేర్చుకున్నారు, అదీ బడి లేకుండా, ఇంట్లో, పొలం గట్టు మీద, ఒకరి దగ్గర ఒకరు. అప్పటికే పడమటికి వలసపోయిన బంధువులకు ఉత్తరాలు వెళ్లాయి. 1825లో జాతి సభ ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది. 1827లో చెరోకీలు సొంత రాజ్యాంగం రాసుకున్నారు. న్యూ ఎకోటా రాజధాని అయింది. 1828 ఫిబ్రవరి 21న అక్కడి నుంచి "చెరోకీ ఫీనిక్స్" అనే పత్రిక మొదటి సంచిక వచ్చింది. ఒకవైపు చెరోకీలో, ఒకవైపు ఇంగ్లీషులో. అమెరికాలో ఆదివాసీలు సొంతంగా నడిపిన మొదటి పత్రిక అదే. సంపాదకుడు ఎలియాస్ బౌడినాట్ అనే చెరోకీ యువకుడు. అదే ఏడాది జాన్ రాస్ జాతికి ప్రధాన నాయకుడుగా ఎన్నికయ్యాడు.

చదువు, రాజ్యాంగం, పత్రిక, కోర్టు, ఎన్నికైన సభ. నాగరికులు కావాలంటే ఇవన్నీ కావాలని తెల్లవాళ్లు ఏళ్ల తరబడి చెప్పారు. చెరోకీలు ఒక్క తరంలో అన్నీ చేసి చూపించారు. మరి నేల నిలిచిందా?

ఇంచుమించు అప్పుడే జార్జియాలోని వాళ్ల భూముల్లో బంగారం బయటపడింది. 1829 కల్లా వేలమంది అక్కడికి ఎగబడ్డారు. జార్జియా ప్రభుత్వం చెరోకీల చట్టాలు చెల్లవంది. కోర్టులో తెల్లవాడి మీద చెరోకీ సాక్ష్యం చెల్లదని చట్టం చేసింది. ఆలోచించండి. కళ్ల ముందు పశువులు తోలుకుపోయినా, ఇల్లు లాక్కున్నా చెప్పుకోవడానికి వీల్లేదు. తర్వాత 1832లో చెరోకీ భూములను లాటరీ తీసి తెల్లవాళ్లకు పంచిపెట్టింది.

అదే సమయానికి జాక్సన్ అధ్యక్షుడయ్యాడు. 1830 మే 28న ఆదివాసీల తరలింపు చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టం తేలిగ్గా గట్టెక్కలేదు. ప్రతినిధుల సభలో అనుకూలంగా 102, వ్యతిరేకంగా 97. ముగ్గురు అటు నుంచి ఇటు వచ్చి ఉంటే చట్టమే వచ్చేది కాదు. జాక్సన్ సొంత రాష్ట్రం టెనెసీ సభ్యుడు డేవీ క్రాకెట్ కూడా వద్దనే ఓటు వేశాడు. మొదట చోక్టాలను పంపారు. 1831 చలికాలంలో వాళ్లు మిసిసిపీ దాటుతుండగా మెంఫిస్ దగ్గర ఫ్రెంచి రచయిత టాక్‌విల్ చూసి రాసి పెట్టాడు. మంచు పడుతుంటే ముసలివాళ్లు, పసిపిల్లలు, రోగులు ఆ నదిని దాటారు.

చెరోకీలు ఆయుధం పట్టకుండా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1831లో మొదటి కేసు నిలవలేదు. మీరు విదేశీ రాజ్యం కాదు, మా మీద ఆధారపడిన జాతి అని కోర్టు అంది. రెండోసారి సామ్యూల్ వూస్టర్ అనే మిషనరీ కేసు వచ్చింది. లైసెన్సు లేకుండా చెరోకీల మధ్య ఉంటున్నాడని జార్జియా ఆయనకు నాలుగేళ్ల కఠిన శిక్ష వేసింది. 1832 మార్చి 3న ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చదివాడు. చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవు అని. చెరోకీలు గెలిచారు. దేశపు అత్యున్నత న్యాయస్థానంలో గెలిచారు.

ఆ తీర్పును జార్జియా లెక్కచేయలేదు. జాక్సన్ అమలు చేయించలేదు. తీర్పు వచ్చాక కూడా వూస్టర్ పది నెలలు జైల్లోనే ఉన్నాడు.

ఇక్కడే జాతిలో చీలిక వచ్చింది. మేజర్ రిడ్జ్, అతని కొడుకు జాన్ రిడ్జ్, పత్రిక సంపాదకుడు బౌడినాట్ ఒకవైపు. కోర్టు తీర్పే పనిచేయనప్పుడు ఇంకేం మిగిలింది, ఉన్నంతలో మంచి ధరకు ఒప్పుకుని వెళ్లిపోతే జనమైనా బతుకుతారని వాళ్ల వాదన. ఒక్క అడుగు కదలవద్దని జాన్ రాస్, జనంలో ఎక్కువమంది మరోవైపు. రిడ్జ్ వర్గం వాళ్లను వట్టి ద్రోహులని కొట్టిపారేయడం తేలిక. వాళ్లు చదువుకున్నవాళ్లు, జాతిని ప్రేమించినవాళ్లు. కానీ జాతి తరఫున సంతకం పెట్టే అధికారం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. 1835 డిసెంబర్ 29న న్యూ ఎకోటాలో ఒప్పందం జరిగింది. వచ్చింది కొన్ని వందల మంది. సంతకాలు పెట్టింది 20 మంది దాకా. ఎన్నికైన నాయకుడు రాస్ అక్కడ లేడు. మిసిసిపీకి తూర్పున ఉన్న భూమంతా 50 లక్షల డాలర్లకు, పడమటి నేలకు మార్చేశారు.

అప్పుడు ఆ అక్షరం పనికొచ్చింది. ఒప్పందం మాది కాదంటూ ఊరూరా సంతకాలు సేకరించారు. 15 వేలకు పైగా పేర్లతో విన్నపం వాషింగ్టన్ చేరింది. అప్పటికి చెరోకీల జనాభా సుమారు 16 వేలు. సెనేట్ ఆ విన్నపాన్ని పక్కన పడేసింది. అంతకుముందు 1836లో ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు ఒక్క ఓటు తగ్గినా అది వీగిపోయేదే.

1838 మే నెలతో గడువు ముగిసింది. జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ కింద 7 వేల సైన్యం దిగింది. పొలంలో ఉన్నవాళ్లను పొలంలోంచి, అన్నం తింటున్నవాళ్లను కంచం ముందు నుంచి లేపి, కర్రల దడులు కట్టిన శిబిరాల్లోకి తోలారు. ఎండాకాలమంతా అక్కడే. రోగాలు వచ్చి ఎందరో పోయారు. తర్వాత రాస్ అడిగి అనుమతి తెచ్చుకుని, మా జనాన్ని మేమే నడిపించుకుంటామని 13 బృందాలుగా బయల్దేరదీశాడు. నడక వెయ్యి మైళ్ల దాకా. దారిలో చలికాలం వచ్చింది. మిసిసిపీలో మంచుగడ్డలు కొట్టుకొస్తుంటే నది దాటలేక ఒడ్డునే రోజుల తరబడి ఆగిపోయారు. శిబిరాల్లోనూ దారిలోనూ కలిపి 4 వేల మంది చనిపోయారన్నది ఎక్కువమంది చరిత్రకారులు చెప్పే అంచనా. అంటే నలుగురిలో ఒకరు. రాస్ భార్య క్వాటీ కూడా ఆ ప్రయాణంలోనే చనిపోయింది. ఆ దారిని ఇవాళ కన్నీటి బాట అంటారు.

పిల్లలకు పూర్తి నిజమే చెప్పాలి కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. చెరోకీల్లో కలిగినవాళ్ల దగ్గర నల్లజాతి బానిసలు ఉండేవాళ్లు. 1835 జనాభా లెక్కల్లో దాదాపు 1,600 మంది. వాళ్లూ ఆ బాటలోనే నడిచారు, యజమానుల సామాను మోస్తూ. అన్యాయానికి గురైన జాతి లోపల కూడా ఇంకొకరికి అన్యాయం జరగవచ్చు. మన సంఘాల్లో మాట్లాడేటప్పుడు ఇది మనకూ గుర్తుండాలి.

1839 జూన్‌లో మేజర్ రిడ్జ్, జాన్ రిడ్జ్, బౌడినాట్ ముగ్గురినీ ఒకే రోజున సొంత జాతివాళ్లే చంపేశారు. జాతి అనుమతి లేకుండా నేల అమ్మితే మరణమే అన్న తమ చట్టం ప్రకారం చేశామన్నారు. పత్రిక పెట్టిన సంపాదకుణ్ణి ఆ పత్రిక చదివి పెరిగిన జాతి చంపుకుంది. నేల పోవడం కంటే ఈ చీలిక గాయం మానడానికే ఎక్కువ కాలం పట్టింది.

మరి పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబేమిటి? చదువు ఒక్కటే నేలను కాపాడలేదు. కోర్టు తీర్పు కూడా ఒక్కటే కాపాడలేదు. ఎదుటివాడికి బలం, బంగారం మీద ఆశ ఉన్నప్పుడు, తీర్పును అమలు చేయాల్సినవాడు పక్కకు తప్పుకున్నప్పుడు, లోపల మనలో మనకు చీలిక ఉన్నప్పుడు కాగితం ఒంటరిదైపోతుంది. ఇది చేదు నిజం. మీరు పెద్దవాళ్లవుతున్నారు కాబట్టి చెబుతున్నాం.

ఆ తర్వాత ఏమైందో కూడా వినండి. కొత్త నేల మీద, ఇప్పటి ఓక్లహామాలో, 1839లోనే తాలిక్వా రాజధానిగా మళ్లీ రాజ్యాంగం రాసుకున్నారు. 1841లో సొంత బడుల చట్టం చేసుకున్నారు. 1844లో "చెరోకీ అడ్వొకేట్" అని మళ్లీ పత్రిక పెట్టారు. 1851లో ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల తెరిచారు. కొండల్లో దాక్కుని, రకరకాలుగా మిగిలిపోయిన కొందరి వారసులు నార్త్ కరోలినాలో ఇప్పటికీ ఉన్నారు. ఇవాళ చెరోకీ నేషన్ సభ్యులు నాలుగు లక్షలకు పైమాటే. సెక్వోయా అక్షరాలు 1999లో యూనికోడ్‌లో చేరాయి, ఫోన్లలోకి వచ్చాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో పాత చేతిరాతల్లో దొరికిన గోండి లిపి కూడా 2018లో అదే యూనికోడ్‌లో చేరింది. అక్కడి పిల్ల, ఇక్కడి పిల్ల తమ తమ అక్షరాల్లో మెసేజ్ పంపుకోగలగడానికి దారి పడింది.

2020 జూలైలో ఇంకొకటి జరిగింది. మస్కోగీలకు 1830లలో రాసిచ్చిన ఒప్పందాలు అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. ఆ రిజర్వేషన్‌ను పార్లమెంటు ఎన్నడూ రద్దు చేయలేదు కాబట్టి అది ఇప్పటికీ ఉన్నట్టేనని ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు వచ్చింది. మరుసటి ఏడాది రాష్ట్ర న్యాయస్థానం అదే సూత్రాన్ని చెరోకీ ప్రాంతానికీ వర్తింపజేసింది. పోయిన పొలాలు చేతికి రాలేదు. కానీ నేరాల కేసుల్లో ఎవరి అధికారం ఎంత అన్న లెక్క మారిపోయింది. దాదాపు రెండు వందల ఏళ్లు ఆ కాగితాలను దాచిపెట్టుకుని, చదివి, మళ్లీ మళ్లీ అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే ఇది జరిగింది. తాతలు ఓడిన కేసును మునిమనవలు మళ్లీ తెరవాలంటే తాతలు రాసిపెట్టి ఉండాలి, మునిమనవలకు చదవడం రావాలి. చదువు ఎందుకంటే మేము చెప్పే జవాబు ఇదీ.

మనకు 1/70 చట్టం ఉంది. పెసా చట్టం ఉంది. గిరిజన భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదన్న 1997 నాటి సమత తీర్పు ఉంది. ఇవన్నీ కాగితం మీద గట్టివే. వూస్టర్ తీర్పు కూడా కాగితం మీద గట్టిదే. అందుకని మీరు ఊరికి వెళ్లాక మూడు పనులు చేయండి.

ఒకటి, మీ ఇంట్లో ఉన్న పట్టా, పాసుపుస్తకం, పాత కాగితాలు తీసి ఒక్కసారి అమ్మానాన్నల ముందు పైకి చదవండి. ఫొటో తీసి భద్రంగా పెట్టండి. రెండు, గ్రామసభ జరిగితే వెళ్లి కూర్చోండి. తీర్మానం రాసిన తర్వాత అందరికీ చదివి వినిపించమని అడగండి. చదవకుండా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయనివ్వొద్దు. ఇరవై మంది సంతకం ఊరందరి సంతకం కాదని మీకిప్పుడు తెలుసు. మూడు, ఊళ్లో మాటామాటా వచ్చి రెండు వర్గాలైతే, అవతలి వర్గం వాళ్లతో మాట్లాడటం మానేయకండి. బయటివాడు వెతికేది ఆ సందునే.

మన భాషలో రాయడం వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పండి. అయోకా నేర్చుకున్నది బడిలో కాదు, నాన్న పక్కన కూర్చుని. మా హాస్టల్లో ఆదివారం సాయంత్రం ఒక గంట దీనికోసం పెట్టుకున్నాం. మీ ఊళ్లో రచ్చబండ దగ్గర మీరూ పెట్టుకోవచ్చు.